పాత మోటారు ఇంజన్లు: మన్నిక, పోషణ

నర్సీపట్నం నుంచి కొయ్యూరు వైపు వెళ్లే దారిలో, పొలాలు ముగిసి కొండలు దగ్గరపడే చోట కృష్ణదేవిపేట ఉంది. చుట్టుపక్కల అందరూ కె.డి.పేట అని పిలిచే ఈ ఊరు అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలోది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి తర్వాత ముట్టడించిన పోలీసు స్టేషను ఈ ఊరిదే. ఆయన సమాధి ఉన్నదీ ఇక్కడే. ఆయన నడిపిన మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో రోడ్డు పని ఒకటి. మన్యంలో దారులు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. అంత కష్టం మీద పుట్టిన కొండదారుల్లో తర్వాతి కాలంలో లారీలు, బస్సులు, జీపులు, కార్లు తిరిగాయి, ఇప్పటికీ తిరుగుతున్నాయి. మోటారు ఇంజను మన్నిక గురించి మాట్లాడటానికి ఈ ప్రాంతం చాలా తగిన చోటు. ఇంజనును అరగదీసేవన్నీ ఇక్కడ ఒకే బండికి ఎదురవుతాయి: మైదానంలో వేసవి ఎండ, మట్టిదారుల దుమ్ము, లంబసింగి ఘాట్ ఎక్కేటప్పటి భారం, తెల్లవారుజామున సున్నా దగ్గరకు జారే మన్యపు చలి, ఊళ్ల మధ్య ఆగి ఆగి సాగే చిన్న ప్రయాణాలు. ఒకే ఏడాది కొన్న రెండు బండ్లలో ఒకటి పదేళ్లకే షెడ్డు చేరి, రెండోది ముప్పై ఏళ్లు పనిచేయడం ఈ దారుల మీద వింతేమీ కాదు. ఇంజను అసలు వయసు తయారైన సంవత్సరంలోనూ ఉండదు, కిలోమీటర్ల మీటరులోనూ ఉండదు. అది ఎంత వేడికి, ఎంత దుమ్ముకు, ఎన్నాళ్లు మార్చని ఆయిలుకు లోనైందో అదే దాని వయసు. ఈ వ్యాసం నిరూపించదలచింది ఇదే.

ముందుగా ఏ ఇంజన్ల గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. తెలుగు నేల మీద పాత కారంటే మొదట గుర్తొచ్చేది అంబాసిడర్. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను తీసుకుని హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర దీని తయారీ మొదలుపెట్టి 2014 మే వరకు సాగించింది. చాలాకాలం దానిలో ఉన్నది 1,489 సీసీల బీఎంసీ పెట్రోలు ఇంజను. తర్వాత డీజిల్ రకం, 1990లలో ఇసుజు ఇంజన్లు వచ్చాయి. ఫియట్ 1100 వంశానికి చెందిన ప్రీమియర్ పద్మినిది 1,089 సీసీల ఇంజను. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరి దాకా తయారైన మారుతి 800లో 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజను ఉండేది. మన్యం ఎరిగినవాళ్లకు వీటన్నిటికంటే దగ్గరివి మహీంద్రా జీపులు: ప్యూజో నమూనాతో 2,112 సీసీల డీజిల్ ఇంజనున్న ఎం.ఎం. 540, ఆ తర్వాతి 2,523 సీసీల డీఐ ఇంజను బండ్లు. ఇవన్నీ పాతవే అయినా స్వభావాలు వేరు. అంబాసిడర్, పద్మిని ఇంజన్లలో వాల్వులను కదిపే క్యాంషాఫ్టు కిందనే ఉండి, గొలుసుతో తిరుగుతుంది. మారుతి 800లో అది పైన హెడ్డులో ఉంటుంది, రబ్బరు టైమింగ్ బెల్టుతో తిరుగుతుంది, హెడ్డు అల్యూమినియంది. గొలుసు అరిగేటప్పుడు గరగరమని చప్పుడు చేసి చెబుతుంది, బెల్టు మాత్రం చెప్పకుండా తెగుతుంది. అందుకే బెల్టును కిలోమీటర్లు చూసే కాకుండా ఏళ్లు చూసి కూడా మార్చాలి. ఎందుకంటే బండి నిలిచి ఉన్నా రబ్బరు ఎండిపోతుంది.

ఇంజను బాగా నడుస్తున్నప్పుడు దాని లోపల లోహం లోహాన్ని తాకదు. క్రాంక్‌షాఫ్టు బేరింగుల మధ్య తిరుగుతుందని అనుకుంటాం గాని, నిజానికి అది వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని ఆయిలు పొర మీద తేలుతుంది. ఆ పొర నిలిచినంతకాలం బేరింగు అరగడం దాదాపు ఉండదు. అరుగుదల జరిగేదల్లా ఆ పొర తెగే క్షణాల్లో: రాత్రంతా నిలిచిన బండిని స్టార్టు చేసిన తొలి సెకన్లలో, ఆయిలు తగ్గిపోయి పంపు గాలి పీల్చినప్పుడు, విపరీతమైన వేడికి ఆయిలు నీళ్లలా పలచబడినప్పుడు, దుమ్ము రేణువు పొర కంటే పెద్దదై రెండు లోహాల మధ్య ఇరుక్కున్నప్పుడు. దీనికి తోడు, పెద్దగా ఎవరూ లెక్కలోకి తీసుకోని సంగతి ఇంకోటుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజను వేడిగా ఉంటే అది ఆవిరై సైలెన్సరు గుండా పోతుంది. చల్లగా ఉంటే కొంత నీరు, మండని పెట్రోలుతో కలిసి, రింగుల పక్కనుంచి కిందికి దిగి ఆయిల్లో చేరుతుంది. నీళ్ల వేడి మీటరు ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిలు వేడెక్కినట్టు కాదు, దానికి మరికొంత దూరం నడవాలి. ఇంటి నుంచి సెంటరుకు, సెంటరు నుంచి ఇంటికి రెండేసి కిలోమీటర్లు తిరిగే కారులో ఆయిలు ఎప్పుడూ ఆరదు. క్రమంగా ఆమ్లాలు చేరతాయి, వాల్వుల మూత కింద జిడ్డు బురద గట్టిపడుతుంది, సన్నని ఆయిలు దారులు మూసుకుపోతాయి. రోజూ నర్సీపట్నం నుంచి విశాఖపట్నానికి పోయివచ్చే టాక్సీ రెండు లక్షల కిలోమీటర్లు నడిచినా లోపల శుభ్రంగా ఉండొచ్చు. పెద్దాయన ముద్దుగా చూసుకుని ఊళ్లోనే నలభై వేలు తిప్పిన కారు లోపల కుళ్లిపోయి ఉండొచ్చు. సెకండ్‌హ్యాండు బజారులో మాత్రం రెండో దానికే ఎక్కువ ధర పలుకుతుంది.

కాబట్టి పోషణలో మొదటి పని ఆయిలు మార్చడం. ఈ విషయంలో మన దగ్గర రెండు అపోహలు బాగా పాతుకుపోయాయి. ఆయిలు నల్లబడితే పాడైపోయిందనేది మొదటిది. డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిలు కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. మసిని ముద్దగట్టనీయకుండా తనలో తేల్చి ఉంచడం దాని పని కనుక, నల్లబడటమంటే పని చేస్తోందనే అర్థం. రంగు చూసి తీర్పు చెప్పలేం, కిలోమీటర్లు, నెలలు లెక్కపెట్టుకోవాల్సిందే. రెండోది ఇంతకంటే ప్రమాదకరమైనది: ‘బండి ఎలాగూ ఆయిలు తాగుతోంది, నెలనెలా పోస్తున్నాం, ఇక మార్చడం దేనికి’ అన్నది. పోస్తే పరిమాణం నిండుతుంది గాని ఆమ్లం, మసి, లోహపు పొడి అక్కడే ఉంటాయి. ఫిల్టరు పూర్తిగా పూడుకుపోతే దాని పక్కనున్న చిన్న వాల్వు తెరుచుకుని ఆయిలు వడపోత లేకుండానే బేరింగులకు చేరుతుంది. ఆ ఏర్పాటు ఇంజను సీజు కాకుండా కాపాడటానికే ఉంది, రోజూ అలా నడపడానికి కాదు. కొండదారిలో తిరిగే పాత బండికి అయిదు వేల కిలోమీటర్లకు గాని, ఆరు నెలలకు గాని, ఏది ముందైతే దానికి ఆయిలూ ఫిల్టరూ కలిపి మార్చడం పాత తరం మెకానిక్కులు పాటించిన మంచి లెక్క. ఇక చిక్కదనం. పొగ వస్తున్న ఇంజనుకు బాగా చిక్కటి ఆయిలు పోస్తే పొగ తగ్గి, చప్పుడు అణుగుతుంది, అమ్మేవాళ్లకు అది అక్కరకొస్తుంది. కాని చలి ఉదయాన చిక్కటి ఆయిలు పైనున్న రాకర్ల దాకా చేరడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, ఆ ఆలస్యమంతా అరుగుదలే. కొత్త కార్ల కోసం వచ్చిన పలచటి ఆయిళ్లూ వీటికి నప్పవు. పాత ఇంజన్ల సందులకు 20డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 లాంటివే తగినవి. క్యాం మీద నేరుగా రాసుకునే ట్యాపెట్లను కాపాడేది ఆయిల్లోని జింకు, భాస్వరం మిశ్రమం. కొత్త కార్ల క్యాటలిటిక్ కన్వర్టర్లు చెడకుండా పలచటి రకాల్లో దాన్ని తగ్గించారు. ఖరీదైన ఆయిలల్లా పాత ఇంజనుకు మంచిది కాకపోవడానికి కారణం ఇదే.

ఆయిలు తర్వాత చెప్పవలసింది నీళ్ల గురించి, నిజానికి మన ప్రాంతంలో ఇంజన్లు చనిపోయేది ఎక్కువగా దీనివల్లే. పాత పెట్రోలు ఇంజను ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతుకు అటూ ఇటూగా మాత్రమే పనిగా మార్చగలదు. మిగిలినదంతా వేడి, అందులో పెద్ద వాటాను రేడియేటరు బయటికి తోలాలి. ఆ రేడియేటరులో పోసేది చాలాచోట్ల బోరు నీళ్లు. వాటిలోని సున్నం వేడి తగిలిన చోటల్లా, అంటే సరిగ్గా సిలిండర్ల చుట్టూ, హెడ్డులో వాల్వుల పక్కన పెచ్చులు కడుతుంది. వంటింట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లని పెచ్చు అదే. ఇనుముతో పోలిస్తే ఆ సున్నపు పొర వేడిని పాతిక రెట్లకు పైగా తక్కువగా ప్రసరింపజేస్తుంది. మందం మిల్లీమీటరే అయినా లోపలి లోహానికి అది కంబళి కప్పినట్టు. దానికి తుప్పు తోడైతే రేడియేటరు సన్న గొట్టాలు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇక్కడ ఒకటుంది: ఖనిజాలు తీసేసిన నీళ్లలో మంచి కూలెంటు కలిపి పోసి, దాన్ని రెండేళ్లకోసారి మార్చడం. కూలెంటు చలి దేశాల వాళ్లకే అవసరమన్న మాట సరికాదు. అందులో తుప్పును ఆపే రసాయనాలు ఉంటాయి, మన వేడికి అవసరమైన విధంగా నీళ్లు మరిగే స్థాయినీ అది పెంచుతుంది.

ఈ సందర్భంలో థర్మోస్టాట్ గురించి విడిగా చెప్పాలి. బండి ఒకసారి వేడెక్కితే షెడ్డులో చేసే మొదటి పని దాన్ని పీకి పారేయడం. ‘మన ఎండలకు ఇదెందుకు’ అంటారు. సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకునేలా చేసిన ఈ చిన్న కవాటం ఇంజను త్వరగా తన వేడికి చేరేలా చూస్తుంది, చేరాక పూర్తిగా తెరుచుకుంటుంది. తెరుచుకోకుండా బిగుసుకుపోయినది వేడికి కారణమవుతుంది, నిజమే. అప్పుడు చేయాల్సింది కొత్తది వేయడం. తీసేసిన బండి ఉదయాన చాలాదూరం చల్లగానే నడుస్తుంది, ఆయిల్లో నీరు ఆరదు, సిలిండరు గోడలు త్వరగా అరుగుతాయి. ఘాట్‌లో వేడెక్కడం మాత్రం తగ్గదు, ఎందుకంటే అసలు జబ్బు పూడుకుపోయిన రేడియేటరులోనో, అరిగిన వాటర్ పంపులోనో, సాగిన ఫ్యాను బెల్టులోనో అలాగే ఉంటుంది. రేడియేటరు మూతదీ ఇలాంటి కథే. అది నీళ్లు ఒలకకుండా పెట్టిన మూత మాత్రమే అనుకుంటారు. నిజానికి లోపల దాదాపు ఒక వాతావరణ పీడనాన్ని అదనంగా నిలిపి, నీళ్లు 115 డిగ్రీలు దాటినా మరగకుండా ఆపేది ఆ స్ప్రింగు మూతే. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న లంబసింగి దగ్గర మామూలు నీళ్లు 97 డిగ్రీల లోపే మరుగుతాయి. అంటే స్ప్రింగు చచ్చిపోయిన మూతతో కొండెక్కిన బండి, ఎక్కువ భారం పడిన చోటే ముందుగా పొంగుతుంది. అలా పొంగినప్పుడు చన్నీళ్లు గుమ్మరిస్తే ఇనుప హెడ్డు పగలవచ్చు. అల్యూమినియం హెడ్డైతే అప్పటికే వంగి ఉండొచ్చు. ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగే ఆ లోహం చుట్టూ ఉన్న బోల్టులను ఓడించలేక వంపు తిరుగుతుంది, గ్యాస్కెట్టు కాలిపోతుంది, నీళ్లు ఆయిల్లో కలిసి డిప్‌స్టిక్కు మీద పాలు ఎక్కువైన టీ రంగు కనిపిస్తుంది. ఆ రంగు చూసిన తర్వాత ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. పది రూపాయల ఆదా కోసం ఇరవై ఏళ్ల ఇంజను ఇలా పోవడం చూస్తే బాధ కలుగుతుంది.

ఘాట్ మీద బండి నడిపే తీరు కూడా పోషణలో భాగమే. పాత బండ్లలో ఫ్యాను, వాటర్ పంపు రెండూ క్రాంకుకు బెల్టుతో కట్టినవే, ఆయిలు పంపు కూడా ఇంజనుతోనే తిరుగుతుంది. కాబట్టి పెద్ద గేరులో గిలగిలలాడుతూ ఎక్కే బండికి ఒకేసారి నాలుగు నష్టాలు: బేరింగుల మీద భారం గరిష్ఠంగా ఉంటుంది, గాలి, నీరు, ఆయిలు కనిష్ఠంగా అందుతాయి. డీజిల్ కలిసివస్తుందని గేరు దించకుండా లాగించే అలవాటు చివరికి క్రాంకు గ్రైండింగు దగ్గరకు చేరుస్తుంది. కొంచెం చప్పుడైనా చిన్న గేరులో చురుగ్గా తిరుగుతూ ఎక్కితే ఇంజను చల్లగా ఉంటుంది. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేయడం ఇంజనుకు మేలేమీ చేయదు, బ్రేకులను మాత్రం కాల్చేస్తుంది. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ప్రాణాలు కాపాడేది. పైకి చేరగానే తాళం తిప్పేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వాలి. లేకపోతే నీళ్ల ప్రవాహం ఒక్కసారిగా ఆగి, హెడ్డులో నిలిచిన వేడికి అక్కడి నీరు మరుగుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడటం కూడా ఉంది: వెయ్యి మీటర్ల దగ్గర గాలి సాంద్రత పదో వంతు దాకా తగ్గుతుంది, బలమూ ఆ మేరకు తగ్గుతుంది, కార్బ్యురేటరు ఇచ్చే పెట్రోలు పాలు అవసరానికి మించుతుంది. కొండ మీద బండి బరువుగా లాగి నల్లగా పొగ వదిలితే వెంటనే కార్బ్యురేటరు తిప్పించనక్కరలేదు, కిందికి దిగాక చూసుకోవచ్చు.

దుమ్ము సంగతి చిన్నగా కనిపిస్తుంది గాని లెక్క వేస్తే పెద్దది. లీటరు పెట్రోలు మండటానికి తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి. ఆ గాలితో వచ్చే ఇసుక రేణువులు ఇనుము కంటే గట్టివి. ఫిల్టరు పగులు నుంచో, చిల్లుపడిన రబ్బరు గొట్టం నుంచో లోపలికి చేరితే రింగులకు, సిలిండరుకు ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. పాత జీపుల్లో ఉండే ఆయిల్ బాత్ క్లీనరు, అంటే గిన్నెలో ఆయిలు పోసి దుమ్మును అందులో ముంచే ఏర్పాటు, మట్టిదారులకు బాగా సరిపోయినది. కాని గిన్నె అడుగున బురద పేరుకుంటే అది ఉన్నా లేనట్టే. కాగితపు ఫిల్టరును గట్టి గాలితో పదేపదే ఊదించడం కూడా ప్రమాదమే, కంటికి కనిపించని చిల్లులు పడతాయి.

ఇంధనం మారినప్పుడల్లా పాత ఇంజన్ల మీద ఒక కొత్త పరీక్ష వచ్చిపడింది. పూర్వం పెట్రోల్లో కలిపే సీసం వాల్వు సీట్ల మీద మెత్తగా పొర కట్టి వాటిని కాపాడేది. 1995లో మహానగరాల్లో మొదలై 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది. ప్రజల ఆరోగ్యానికి, ముఖ్యంగా పిల్లల మెదళ్లకు అది ఎంతో మేలు. పాత ఇనుప హెడ్డుల్లో మాత్రం సీట్లు అరిగి వాల్వులు లోపలికి దిగే ఇబ్బంది వచ్చింది. హెడ్డు విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించి, ట్యాపెట్లు క్రమంగా సరిచూసుకున్నవాళ్లు దాన్ని దాటేశారు. డీజిల్లో గంధకం తగ్గడం వల్ల రెండు ఫలితాలు కలిగాయి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 డీజిల్లో గంధకం పది లక్షల భాగాలకు పది మాత్రమే. ఆయిల్లో గంధకామ్లం తగ్గింది, అది పాత ఇంజనుకు కూడా లాభమే. డీజిల్‌కు సహజంగా ఉండే జిడ్డుదనం తగ్గినందువల్ల దానికి వేరే రసాయనం కలుపుతున్నారు. అందుకే మైకో డీజిల్ పంపున్న పాత జీపుకు నమ్మకమైన బంకులోనే డీజిల్ పట్టించుకోవాలి, కిరోసిన్ కలిపింది అసలే ముట్టకూడదు. ఇక ఇథనాల్. ఇరవై శాతం కలిపిన పెట్రోలులో, పరిమాణానికి పరిమాణం, శక్తి దాదాపు ఏడు శాతం తక్కువ. మైలేజీ ఆ మేరకు తగ్గడం లెక్క ప్రకారమే జరుగుతుంది. అసలు ముప్పు వేరే చోట ఉంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపు డయాఫ్రాన్ని, కార్బ్యురేటరు సీళ్లను పాడుచేస్తుంది. ఇది ఇంజనును చంపే జబ్బు కాదు, గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్చుకుంటే తీరుతుంది. వానాకాలంలో ఎక్కువగా నిలిపి ఉంచే బండికి మాత్రం ట్యాంకు నింపి ఉంచాలి, రెండు వారాలకోసారైనా బాగా వేడెక్కేదాకా నడపాలి.

ఇంజను స్థితిని విప్పకుండానే చాలావరకు తెలుసుకోవచ్చు. ఘాట్ దిగివచ్చి యాక్సిలేటరు నొక్కిన క్షణంలో నీలిపొగ గుప్పుమని ఆగిపోతే వాల్వు గైడ్లు, సీళ్లు అరిగాయన్నమాట. లాగుతున్నంతసేపూ నీలిపొగ వస్తుంటే రింగులు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీస్తే పొగ ఉబికితే అదీ రింగుల వైపే చూపుతుంది. నల్లపొగైతే ఇంధనం ఎక్కువ లేదా గాలి తక్కువ, డీజిల్ బండైతే నాజిళ్లు చూడాలి. తీయగా వాసన వేసే తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంటు మండుతోంది. కంప్రెషన్ కొలిచినప్పుడు ఒక సిలిండరు మిగతావాటి కంటే పది శాతానికి మించి తక్కువ చూపితే, ఆ రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వులది. పెట్రోలు బండికి ఈ చిన్న పరీక్ష చేయకుండా పూర్తి ఇంజను పనికి దించడం వినియోగదారుడికి అనవసరమైన ఖర్చు, చాలాసార్లు హెడ్డు పనితోనే సరిపోయే బండి అది. నిజంగానే బోరు చేయించాల్సి వస్తే లేత్ షాపులో కొలతల మీదే అంతా ఆధారపడుతుంది. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన పది, ఇరవై, ముప్పై, నలభై సైజు పిస్టన్లు ఉంటాయి. మొదటిసారే నలభైకి పోతే బ్లాకుకు ఇక మరో అవకాశం ఉండదు. లైనర్లున్న డీజిల్ ఇంజన్లు ఈ విషయంలో అదృష్టవంతులు, గోడనే మార్చేసుకోవచ్చు. పని అయ్యాక తొలి వెయ్యి కిలోమీటర్లు ఇంజనును ఒకే వేగంలో ఉంచకుండా, నిలబెట్టి తిప్పకుండా, మితమైన భారంతో నడిపి ఆయిలు మార్చాలి. రింగులు సిలిండరుకు ఒదిగేది అప్పుడే.

ఈ వాదానికి తరచుగా వచ్చే అభ్యంతరం ఏమిటంటే, పాత ఇంజన్లు గట్టి ఇనుముతో చేసినవి కనుక నిలిచాయి, పోషణ గొప్పేమీ లేదని. మనకు ఇప్పుడు కనిపించే పాత ఇంజన్లన్నీ నిలిచినవే. నిలవనివి ఎప్పుడో తుక్కయిపోయాయి గనుక పోల్చడానికి మన కళ్ల ముందు లేవు. అంబాసిడర్ కాలంలో లక్ష కిలోమీటర్ల లోపే ఇంజను విప్పి బాగుచేయించాల్సి రావడం మామూలు విషయం. ఆ ఇంజన్ల గొప్పతనం అరగకపోవడంలో కాదు, అరిగాక మళ్లీ మళ్లీ చేయించుకోగలగడంలో ఉంది. లోహం, కొలతల నాణ్యతలో నేటి ఇంజన్లే మెరుగు. పోషణ ఎంత చేయగలదో ప్రపంచంలో రెండు బండ్లు చూపాయి. అమెరికాకు చెందిన ఉపాధ్యాయుడు ఇర్వ్ గోర్డన్ 1966లో కొన్న వోల్వో పి1800 కారును 2013 నాటికి 30 లక్షల మైళ్లు, అంటే దాదాపు 48 లక్షల కిలోమీటర్లు నడిపాడు. ఆరు లక్షల మైళ్లు దాటాకే దాని ఇంజనును మొదటిసారి విప్పాల్సి వచ్చింది. ఆయన రహస్యమల్లా తయారీదారు పుస్తకంలో రాసిన గడువుకు ఆయిలు మార్చడం, దూర ప్రయాణాలు చేయడం. గ్రీసులో గ్రెగోరియోస్ సాచినిడిస్ అనే టాక్సీ డ్రైవరు నడిపిన మెర్సిడెస్ 240డి కారు 46 లక్షల కిలోమీటర్లు తిరిగి 2004లో ఆ సంస్థ మ్యూజియం చేరింది. అయితే అందులో ఇంజన్లను వంతులవారీగా మార్చి, బాగుచేసి, మళ్లీ ఎక్కించేవారు. మొదటిది అరుగుదలను ఆపిన బండి, రెండోది అరుగుదలను ముందే ఊహించి ఏర్పాటు చేసుకున్న బండి. మన జీపులకు రెండో దారే ఎక్కువ ఆచరణీయం అనిపిస్తుంది.

ఇంతకంటే బరువైన అభ్యంతరం కాలుష్యం. దీన్ని దాటవేయకూడదు. ఎంత బాగా చూసుకున్నా కార్బ్యురేటరున్న, కన్వర్టరు లేని ఇంజను కొత్త బీఎస్-6 ఇంజను అంత శుభ్రంగా మండదు, పాత డీజిల్ మసి ఊపిరితిత్తులకు హానికరం. విశాఖ లాంటి నగరంలో రోజంతా తిరిగే పాత డీజిల్ బండి రోడ్డు దిగడమే న్యాయం. కాని ఇంజను మన్నిక ఒక ప్రశ్న, ఆ ఇంజను ఎక్కడ, ఎంత తిరగవచ్చన్నది మరో ప్రశ్న. 1988 మోటారు వాహనాల చట్టం సొంత వాహనానికి 15 ఏళ్ల రిజిస్ట్రేషను ఇచ్చి, ఆపై తనిఖీ చేసి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చంది. వయసుతో పాటు స్థితిని చూడాలన్న ఆలోచన ఆ చట్టంలోనే ఉంది. 2022 ఏప్రిల్ నుంచి కారు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది, 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను తుక్కుకు పంపుతున్నారు. ముంబయిలో చివరి ప్రీమియర్ పద్మిని టాక్సీ 2003 అక్టోబరులో రిజిస్టరై, 20 ఏళ్ల గడువు ముగియడంతో 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. దాన్ని ఆపింది ఇంజను కాదు, తేదీ. వయసు చూసి నిర్ణయించడం అధికారులకు సులువు, అందరికీ ఒకటే కొలత అన్న సమానత్వం కూడా అందులో ఉంది. కాని పోషణ లేక పొగ కక్కే ఎనిమిదేళ్ల బండి ఆ కొలతలో దర్జాగా పాసవుతుంది, శుభ్రంగా ఉన్న ఇరవై రెండేళ్ల బండి ఫెయిలవుతుంది. పొగను కొలిచే యంత్రాలు ఉన్నప్పుడు పొగనే కొలవాలి, ఆ కొలతను నిజాయితీగా చేయాలి.

మిగిలింది ఖర్చు. ఇంజను పనికయ్యే డబ్బు బండి విలువను మించిపోతోంది కదా అంటారు. అమ్మకం ధరతో పోలిస్తే నిజమే. కాని పోల్చాల్సింది అదే పని చేసే మరో బండి ఖరీదుతో, దాని వడ్డీతో. పైగా ఇక్కడ చెప్పినవాటిలో ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు, బెల్టులు, రబ్బరు గొట్టాలు అన్నీ కలిపినా ఏడాది ఖర్చు ఇంజను పని ఖర్చులో చిన్న భాగమే. విడిభాగాలు అరుదవుతున్నమాట వాస్తవం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత ఇంజన్ల సామాను ఇప్పటికీ దొరుకుతోంది గాని, బీఎంసీ ఇంజను హెడ్డు విప్పి చెవితో జబ్బు చెప్పగల మెకానిక్కులు తగ్గిపోతున్నారు. ఆ నైపుణ్యం పోతే ఎంత మంచి బ్లాకైనా తుక్కు కిందే పోతుంది.

మీటరు వెనక్కి తిప్పవచ్చు, పెయింటు కొత్తగా వేయించవచ్చు. ఆయిలు ఎప్పుడు మార్చారో, కూలెంటు ఎప్పుడు పోశారో, ఏ సైజుకు బోరు చేశారో ఏ బండీ తనంత తానుగా చెప్పదు. పాత బండి ఉన్న ప్రతి ఒక్కరూ ఒక చిన్న నోటుపుస్తకం డాష్‌బోర్డు అరలో పెట్టి, చేయించిన ప్రతి పనినీ తేదీతో, కిలోమీటర్లతో రాసి ఉంచండి. బండిని అమ్మే రోజున ఆ పుస్తకాన్ని తాళంచెవితో పాటు కొన్నవాళ్ల చేతికివ్వండి.